మా ఇద్దరి ముఖాల ఖర్చు

నాకు ఏడేళ్ళప్పుడు మశూచి వచ్చి తగ్గింది. ప్రాణం దక్కింది కానీ చెంపల మీద, నుదుటి మీద గుంటలు మిగిలాయి. పెళ్ళిచూపులనాడు మా ఆయన ఆ ముఖాన్ని పట్టపగలు, వరండాలో, నాకు ఎదురుగా కూర్చుని చూశారు. మా నాన్న ఏమీ దాచలేదు. నేనూ కొంగు అడ్డం పెట్టుకోలేదు. జీతం తెచ్చే పిల్ల అని చేసుకున్నామని మా అత్తమ్మ తర్వాత చాలాసార్లు అంది. తలెత్తి జవాబు చెప్పిన పిల్ల అని చేసుకున్నానని ఆయన అనేవారు. రెండూ నిజమే అయి ఉంటాయి.

ముప్ఫైల చివరి సంవత్సరాల మాట ఇది. ఆయన లక్డీకాపూల్‌లో ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తా. నేను పంజాగుట్టలో మిషన్ వాళ్ళ చిన్న బడిలో టీచరును. అమీర్‌పేటలో ఒక సందులో రెండు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకుని, అత్తమ్మతో కలిసి ఉండేవాళ్ళం. ఆయన సైకిలు మీద దఫ్తరుకు పోయేవారు. నేను బండల మధ్య, సీతాఫలం పొదల మధ్య కాలిబాటన బడికి నడిచేదాన్ని. ఆ ఎండకు, దుమ్ముకు నా ముఖం పొట్టు రేగి, గుంటల అంచులు నల్లబడేవి. సున్నిపిండి రుద్దితే మండేది. బజారులో దొరికే స్నో క్రీము రాసుకుంటే అది గుంటల్లో తెల్లగా పేరుకునేది. పిల్లలు పలకలు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోవడం నాకు కనిపించేది.

మా సందు చివర ఒక ముసల్మాను ఆవిడ ఉండేది, అందరూ ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేవారు. వయసులో ఉండగా నవాబుల పెద్ద పెద్ద దేవిడీలలో పెళ్ళికూతుళ్ళకు నలుగు పెట్టి, తల దువ్వి, అలంకరించిన మనిషి. భర్త పోయాక, కూతురికి పెళ్ళి చేసి, ఒక్కతే ఉంటూ, ఇంటికి వచ్చిన ఆడవాళ్ళకు అదే పని చేసి బతికేది. ఒక శనివారం మధ్యాహ్నం బడి నుంచి వస్తూ ధైర్యం చేసి ఆమె తలుపు కొట్టాను.

ఆమె నన్ను వాకిట్లో వెలుతురుకు తిప్పి, గడ్డం పట్టుకుని, రెండు చెంపలూ బొటనవేలితో తడిమి చూసింది.

"గుంటలు పోవు టీచరమ్మా," అంది. "అబద్ధం చెప్పి పైసలు తీసుకునుడు నాకు రాదు. తోలు మెత్తగైతది. మంట పోతది. మొకం కడుక్కున్నప్పుడు నీ చేతికి నీకే మంచిగ అనిపిస్తది. గంతే."

"గంతే చాలు ఖాలా," అన్నాను.

నాలుగు శనివారాలకు కలిపి రెండు రూపాయలు. సారపప్పు పచ్చిపాలల్లో నానబెట్టి, ఆ పూట తన చేత్తోనే నూరి, ముఖానికీ మెడకూ చేతులకూ పట్టించేది. అది ఆరేలోగా తలకు నూనె పెట్టి మర్దన చేసేది. ఆమె వేళ్ళు బలమైనవి. రెండు గంటలసేపు నన్ను ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. మశూచి తగ్గినప్పటి నుంచీ నా ముఖాన్ని ఎవరైనా జాలితోనో అసహ్యంతోనో కాక, పని తెలిసిన మనిషి పనిగా ముట్టుకున్నది అక్కడే. రెండో నెలకు నా ముఖం మంట తగ్గింది. గుంటలు గుంటల్లాగే ఉన్నాయి. నేను మాత్రం తల నూనెతో, సాంబ్రాణి వాసనతో, సందులో రాణిలా నడిచి ఇంటికి వచ్చేదాన్ని.

మా ఇంట్లో ఇద్దరి జీతాలూ అత్తమ్మ చేతికి ఇవ్వడం ఆనవాయితీ. ఆమె వాటిని ఒక రేకు పెట్టెలో పెట్టి ఇల్లు నడిపేది. మూడో నెల నా జీతంలో రెండు రూపాయలు తక్కువ ఎందుకుందని అడిగింది. చెప్పాను. ఆమె రాత్రి దాకా ఆగలేదు, సాయంత్రం ఆయన సైకిలు గోడకు ఆనించకముందే చెప్పింది.

ఆయన ముఖం కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నారు. అరవలేదు. ఆయనకు అరవడం రాదు.

"రెండు రూపాయలకు ఎన్ని బియ్యం వస్తయో నీకు ఎరుకనే కద," అన్నారు.

"ఎరుకనే. బియ్యానికి మిగిలింది ఇచ్చిన కద."

"మచ్చలు పోతయా?"

"పోవు. ఖాలా మొదటి దినమే చెప్పింది."

"పోనప్పుడు ఎందుకు? ఎవరికి చూపియ్యనీకి?"

ఆ చివరి మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆ మాట అన్నాక ఆయన కూడా తల పక్కకు తిప్పుకున్నారు. ఏడిస్తే ఆ రెండు రూపాయలూ అక్కడితో పోయినట్టేనని నాకు తెలుసు. ఏడవలేదు.

"నలభై మంది పిల్లలు దినమంత నా మొకమే చూస్తరు," అన్నాను. "నేను దాని వెనక కూసొని ఉంట. అది మండుతుంటే నాకు తెలుస్తది, మీకు తెల్వది. మీరు సుత వారం వారం మంగలికి ఇస్తున్నరు. తలకు వాసన నూనె తెచ్చుకుంటున్నరు. ఎవరికి చూపియ్యనీకని నేనెన్నడన్న అడిగిన్నా?"

"మొగోడు దఫ్తర్ల పని చేయాలె బిడ్డా," అంది అత్తమ్మ.

"నేను బడిల పని చేస్తున్న అత్తమ్మా."

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కానీ అత్తమ్మ వదలలేదు. తర్వాతి ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా సంఘం పాస్టరు అయ్యగారినీ, ఆయన భార్య అమ్మగారినీ ఇంటికి పిలిచి, చాయ్ ఇచ్చి, పంచాయితీ పెట్టింది. స్త్రీలు పైపై అలంకారం మీద మనసు పెట్టకూడదని వాక్యం ఉందా లేదా చెప్పమంది. ఉంది అన్నారు అయ్యగారు. అత్తమ్మ నా వైపు చూసింది.

అయ్యగారు చాయ్ ఒక గుక్క తాగారు. "ఈ అమ్మాయి సంఘానికి దశమభాగం ఇస్తున్నదా?" అని అడిగారు. నెల నెలా ఇస్తున్నానని మళ్ళీ అయ్యగారే ఒప్పుకోవలసి వచ్చింది, సంఘం లెక్క రాసుకునేది తనే కాబట్టి. "మరి ఇంట్ల ఎవరన్న ఆకలితో ఉన్నరా?" అని అడిగారు. లేదు. "అట్లయితే ఇది మొగుడు పెండ్లాం మాట్లాడుకునే ముచ్చట. నేను చెప్పేది కాదు," అని కప్పు కింద పెట్టారు.

వాళ్ళను సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాను. అయ్యగారు ముందు నడుస్తున్నారు. అమ్మగారు వెనకబడి, నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది: "ఖాలా ఇల్లు ఏ పక్కనమ్మా? నా కాళ్ళు చూడు, ఎట్ల పగిలినయో."

ఆ తర్వాత మా ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు. శనివారం నేను వచ్చే వేళకు ఏదో పని పెట్టుకుని బయటికి వెళ్ళేవారు. నూనె పెట్టిన జుట్టుతో ఉన్న పెళ్ళాన్ని చూడకపోతే ఆ ఖర్చు జరగనట్టేనని అనుకున్నారేమో. నాకు కష్టంగానే ఉండేది. అయినా మానలేదు. మానితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టు అవుతుంది. నేను తప్పు చేయలేదు. ఈ మాట అప్పుడు ఎంత గట్టిగా నమ్మానో ఇప్పుడూ అంతే గట్టిగా నమ్ముతాను.

మాకు పాప పుట్టింది. పుట్టిన ఏడాదే టీకా వేయించాను, సూది మచ్చ తప్ప దాని ఒంటి మీద మచ్చ లేదు. దానికి మూడేళ్ళు నిండిన రోజుల్లో ఒక పొద్దున మా ఆయన చాయ్ తాగుతుంటే ఒళ్ళో కూర్చుని, "నాన్నా, నీ మూతికి పాలంటినయి," అని గౌను అంచుతో ఆయన పెదవి మూల తుడవబోయింది. ఆయన దాని చేతిని విసురుగా తోసేశారు. పాప బిత్తరపోయి ఏడ్చింది. పిల్లను ఎన్నడూ గట్టిగా అదలించని మనిషి. నేను నిద్ర చాలలేదేమో అనుకున్నాను.

ఆ నెలలోనే ఆయన మీసాలు పెంచడం మొదలుపెట్టారు. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మెడ దాకా, మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని, రాత్రి కూడా దానితోనే పడుకునేవారు. ఒక రోజు సైకిలు లేకుండా వచ్చారు. రిపేరుకు ఇచ్చానన్నారు. ఆ రిపేరు ఎంతకూ కాలేదు. బస్సులో పోతున్నారని నేననుకున్నాను, పొద్దున్నే లక్డీకాపూల్ దాకా నడిచి వెళ్తున్నారని పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే పంజాగుట్ట బండల వైపు ఒక్కరే వెళ్ళేవారు. ఎండ తగ్గాక కందిపోయిన ముఖంతో వచ్చేవారు. అడిగితే, "జర గాలికి పోయిన," అనేవారు. ఆ ఎండలో గాలి ఎక్కడిది?

దాదాపు ఏడాదికి నాకు జవాబు దొరికింది, ఖాలా ఇంట్లో. తల తుడుచుకోవడానికి ఇంటి నుంచి తువాలు తీసుకుపోయాను. ఆమె దాన్ని నా భుజాల మీద కప్పబోయి, ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయింది.

"ఇది బావంచాల తేల్ వాసన. మీ ఇంట్ల ఎవరికి?"

"ఏం నూనె?"

"తెల్ల మచ్చలకు రాస్తరు. రాసుకొని ఎండకు కూసుంటరు. తెలిసినోళ్ళు చుక్కంత ఇస్తరు. తెల్వనోళ్ళు సీసాలకు సీసాలు అమ్ముతరు, తోలు కాలిపోతది." ఆమె నా ముఖంలోకి చూసింది. "టీచరమ్మా, నీ మొగనికా?"

మూతికి అంటిన పాలు, మీసాలు, పొడుగు చేతులు, బండల మీద ఎండ. అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు నిలబడ్డాయి. ఆ పూట నలుగు పెట్టించుకోకుండానే ఇంటికి వచ్చాను.

మరునాడు ఆదివారం. ఆయన వెళ్ళిన కాసేపటికి పాపను అత్తమ్మ దగ్గర వదిలి నేనూ బండల వైపు నడిచాను. ఒక పెద్ద బండ అవతల, చొక్కా విప్పి పక్కన మడిచి పెట్టుకుని, సూర్యుడి వైపు ముఖం ఎత్తి కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. పెదవి మూల, మెడ మీద, రెండు మణికట్ల మీద తెల్లటి మచ్చలు. మణికట్ల మీద మచ్చల చుట్టూ నీటి బొబ్బలు. ఒకటి పగిలి రసి కారుతోంది.

నా అడుగుల చప్పుడుకు కళ్ళు తెరిచి, గబుక్కున చొక్కా అందుకోబోయారు.

"ఉండనీయండి," అన్నాను. "బొబ్బలకు గుడ్డ తగులుతది."

నేను పక్కన కూర్చున్నాను. బండ కాలుతోంది. ఆయనే మొదలుపెట్టారు.

"దఫ్తర్ల నా నీళ్ళ కూజా వేరే పెట్టిండ్రు. ఎవరు అనలేదు. ఒక దినం పొద్దున పోయి చూస్తె నా మేజ మీద వేరే కూజా ఉన్నది, గంతే. కుష్టు అనుకుంటున్నరు."

"కుష్టా?"

"కాదంటున్నడు వైద్యుడు. మాసబ్ ట్యాంక్ దిక్కు ఉన్నడు ఒకడు. ఆరు సీసాలల్ల పోతదన్నడు. నాలుగు అయినయి."

"సైకిలు?"

ఆయన నడిచి నడిచి అరిగిన చెప్పుల వైపు చూసుకున్నారు. సైకిలు నాలుగు సీసాలయిందని అర్థమైంది. నా నలుగు ఖర్చు కొన్నేళ్ళది ఆ సీసాల్లో ఉంది. కోపం రాలేదని చెబితే అబద్ధం. నాకు అడ్డగోలుగా కోపం వచ్చింది, సైకిలు పోయినందుకు కాదు, ఏడాది పాటు ఒకే చాప మీద పడుకుంటూ నాకు చెప్పనందుకు.

"అడుగు," అన్నారు ఆయన, బండ వైపు చూస్తూ. "నేను నిన్ను ఆ దినం అడిగిన మాట అడుగు. ఎవరికి చూపియ్యనీకని."

ఆ మాట నా నాలుక మీదే ఉంది. ఎన్నేళ్ళుగానో అక్కడే ఉంది. కానీ ఆ బొబ్బలు చూస్తూ అనబుద్ధి కాలేదు.

"అడగ," అన్నాను. "నాకెందుకు చెప్పలే?"

"నీకు ఎట్ల చెప్త? రెండు రూపాయలకు నిన్ను గంత మాటన్న. ఇప్పుడు నా మొకం పోతున్నదని ఏ మొకంతోని చెప్త?" ఆయన మణికట్టు మీది బొబ్బ చూసుకున్నారు. "మచ్చలున్న పిల్లను చేసుకున్నవని మావోళ్ళు అన్నరు. నేను పెద్ద మనసున్నోన్ని అనుకున్న. మచ్చ ఎట్లుంటదో నాకేం ఎరుక?"

నా ముఖం గురించి ఆయన అంత మాట ఎప్పుడూ మాట్లాడలేదు.  నా కొంగు అంచు చించి, రసి కారే మణికట్టుకు వదులుగా కట్టాను. "మిగిలిన నూనె ఎక్కడున్నది?" అంటే చొక్కా కింద నుంచి సీసా తీసి ఇచ్చారు. బండ మీద ఒంపేశాను. ఆయన వద్దనలేదు.

ఆ వారమే బడికి సెలవు పెట్టి ఆయన్ని పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు సూదితో మచ్చల మీద గుచ్చి, నొప్పి తెలుస్తోందా అని అడిగి, నవ్వి, ఇది కుష్టు కాదు, అంటదు, ప్రాణానికి ఏమీ కాదు, కానీ నమ్మకంగా తగ్గించే మందు నా దగ్గర లేదు అన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసివ్వమని నేను పట్టుబట్టాను. ఆయన ఆ కాగితం దఫ్తరులో పై అధికారికి చూపించారు. అధికారి దాన్ని అందరి ముందూ పైకి చదివి, తన గ్లాసులో నీళ్ళు మా ఆయన కూజాలో నుంచి పోసుకుని తాగాడట. కొందరు మారారు. ఇద్దరు ముగ్గురు చివరిదాకా మారలేదు. వాళ్ళ గురించి బెంగపడటం ఆయన మెల్లగా మానేశారు.

ఖర్చు సంగతి మేము మాట్లాడుకున్నది ఆ తర్వాతనే. నేనే మొదలుపెట్టాను. ఇంటికి, పాపకు, అత్తమ్మకు, సంఘానికి ఇవ్వాల్సింది ఇచ్చాక, మా ఇద్దరికీ చెరి సమానంగా కొంత విడిగా పెడదాం, ఎవరి ఒంటి కోసం వాళ్ళు ఏం చేసుకున్నా రెండోవాళ్ళు అడగొద్దు అన్నాను. దాచడం మాత్రం ఉండొద్దు.

"నాకెందుకు? మందు లేదన్నడు కద డాక్టరు," అన్నారు.

"నాకు సుత మందు లేదు. అయినా పోతున్న కద."

అత్తమ్మ ఈ ఏర్పాటుకు చివరిదాకా ఒప్పుకోలేదు. ఖాలా మా పైసలతో బలిసిందని పోయేదాకా అంటూనే ఉంది. రేకు పెట్టె మాత్రం, వేళ్ళ నొప్పులు ఎక్కువైనప్పుడు, ఆమే నా చేతికి ఇచ్చింది.

ఖాలాకు సంగతి చెబితే, "మచ్చ పోగొట్టుడు నా తోటి కాదు. రంగు కలిపిస్త, వట్టిగ కప్పనీకి," అంది. కాచు, అక్రోట్ బెరడు, ఇంకేవో నూరి, చుక్క నూనె కలిపింది. కానీ ఎవరి రంగుకు కలపాలి? ఆమె పరదా మనిషి, పరాయి మగవాళ్ళ ముందుకు రాదు. ఆయన్ని గుమ్మం బయట కూర్చోబెట్టాం. ఆమె తెర వెనక నుంచి, "చెయ్యి ఇయ్యండి సాబ్, చెయ్యి," అంది. ఆయన మొహమాటంగా తెర కింది నుంచి మచ్చలేని మోచెయ్యి లోపలికి చాపారు. దాని పక్కన పెట్టి చూస్తూ మూడుసార్లు కలిపింది. "మంచి రంగు, గోధుమ రంగు," అని లోపల నుంచి మెచ్చుకుంటే, బయట ఆయన సిగ్గుపడి నవ్వారు. అంతకు ముందు ఆయన నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

పొద్దున పూట ఆ రంగు నేనే పెట్టేదాన్ని. కిటికీ దగ్గర పీట వేసి కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని పైకెత్తి, పుల్లకు చుట్టిన దూదితో పెదవి మూల, మెడ మీద అద్దేదాన్ని. ఆయన ఊపిరి బిగబట్టి, పాపలాగా కదలకుండా కూర్చునేవారు. అంత దగ్గరగా ఆయన నా ముఖాన్ని అంతసేపు చూసింది పెళ్ళయ్యాక అప్పుడే. ఒక పొద్దున, "శనివారం తప్ప మిగతా దినాలు నీ మొకం పొట్టు లేస్తున్నది. రెండు శనివారాలు కాదు, నాలుగు పో," అన్నారు. యుద్ధం వచ్చి అన్ని ధరలూ పిరమై, ఖర్చు తగ్గిద్దామని నేనే నెలకు రెండు శనివారాలు మానేశానని ఆయన గమనించారన్నమాట.

ఆ రంగు కథ ఎక్కువ కాలం సాగలేదు. ఆయన అక్క కూతురి పెళ్ళి బోరబండలో జరిగింది. పందిట్లో ఉక్కపోతకు, వేడి బిర్యానీకి చెమట పట్టి పెదవి పక్క రంగు గడ్డం దాకా జారింది. ఎదురు బంతిలో ఉన్న చుట్టాలు చూసీ చూడనట్టు ఉన్నారు. నేను లేవబోయాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి, మూతి నిండుగా ఒకసారి తుడుచుకుని, రుమాలు మడిచి పెట్టి, "జర పెరుగు చట్నీ ఇటు పంపండి," అన్నారు. తిన్నారు. తర్వాత కూడా ఆ రంగు అప్పుడప్పుడు వాడారు, దఫ్తరులో పెద్దవాళ్ళు వచ్చే రోజున, కొత్తవాళ్ళను కలిసే రోజున. మిగతా రోజులు మానేశారు. మీసాలు కూడా తీసేశారు.

నలభై అయిదు నాటికి మచ్చలు రెండు చేతులకూ పాకాయి. పంజాగుట్టలో మంగలి, తన దగ్గరికి వచ్చేవాళ్ళు జంకుతున్నారని చెప్పి, గడ్డం గీయనన్నాడు. ఆయన గొడవ పెట్టుకోలేదు. లక్డీకాపూల్ దగ్గర ఒక దుకాణం వెతుక్కున్నారు. అక్కడి ముసలి మంగలికి ఈ పట్టింపులు లేవట. తన వాటా పైసలన్నీ అక్కడే పెట్టేవారు. వారానికి ఒకసారి గడ్డం, తలకు మర్దన, మొహానికి వేడి తువాలు. ఎంత అవుతుందో నేను అడగలేదు. ఆయనే ఒకసారి చెప్పబోతే చెవులు మూసుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం పట్నంలో బడి పుస్తకాలు తీసుకుని బస్సులో వస్తున్నాను. లక్డీకాపూల్ దగ్గర బస్సు ఆగింది. రోడ్డు పక్క దుకాణంలో, కుర్చీలో వెనక్కి వాలి, తెల్ల తువాలు మెడకు చుట్టుకుని, కళ్ళు మూసుకుని ఆయన కనిపించారు. ముసలాయన వేళ్ళు ఆయన నుదుటి మీద నెమ్మదిగా తిరుగుతున్నాయి. మచ్చల చేతులు రెండూ కుర్చీ చేతుల మీద, చొక్కా మడతలు మోచేతుల దాకా, ఎవరు చూస్తారన్న ధ్యాస లేకుండా ఉన్నాయి. దిగి పిలిస్తే ఇద్దరం కలిసి ఇంటికి పోవచ్చు. కండక్టరు దిగుతారా అమ్మా అని అడిగాడు కూడా.

"లేదు, అమీర్‌పేటకే పోనీయి," అన్నాను. ఖాలా నా కోసం సారపప్పు నానబెట్టి ఉంటుంది.